ఆయన ఫోన్లో నా గుండె

వ్యాయామం కోసం గుండె లెక్క చూపే వాచీ కొనాలనుకునేవాళ్లు ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి, అంకె ఎవరి ఫోన్లో పడుతుందో. ధర, బ్యాటరీ, తడిస్తే పాడవుతుందా లేదా అన్నవన్నీ ఆ తర్వాత. నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మిగతావన్నీ మాత్రం వద్దంటున్నా చెప్పారు.

నేను లెక్కల టీచర్ని. కాపురం మార్కాపురంలో, ఉద్యోగం పుల్లలచెరువు మండలంలో ఒక హైస్కూల్లో. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం బస్సెక్కి రావడం పన్నెండేళ్లుగా అలవాటు. ఎండాకాలంలో ఆ బడికి నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. నేను మాత్రం రాని రోజులు తక్కువ. అటువంటిదాన్ని, ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ సుద్దముక్క వదిలేసి కిటికీ ఊచ పట్టుకున్నాను. ఒంగోలు తీసుకుపోయి గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు.

ఇంటికి పంపే రోజు డాక్టరు చెప్పినవి రెండే మాటలు. రోజూ నలభై నిమిషాలు చురుగ్గా నడవాలి. నడిచేటప్పుడు గుండె నిమిషానికి నూటపదిసార్లకు మించి కొట్టుకోకూడదు, మించితే కూర్చోవాలి. ఆరు వారాల తర్వాత ఆ అంకెలన్నీ తెచ్చి చూపించమన్నాడు. బాగుంటే బడికి పోవచ్చని సర్టిఫికెట్ రాస్తాడు. బాగా లేకపోతే సెలవు పొడిగించుకోవాలి, మళ్లీ పరీక్షలు, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

ఆ "తర్వాత సంగతి" కోసమే మా ఆయన ఎదురుచూస్తున్నాడు. బేస్తవారిపేట దగ్గర సేద్యం చేసే కుటుంబం వాళ్లది. ఆయన మార్కాపురం వచ్చి ఎరువులు, విత్తనాల దుకాణం పెట్టాడు. సీజనులో ఊళ్లు తిరగాలి, ఆయన లేనప్పుడు కౌంటరు దగ్గర కూర్చునే మనిషి నిలవడు. ఆయన నోటికి ఎవరు మాత్రం నిలుస్తారు? నేను ముందుగా రిటైర్‌మెంట్ తీసుకుని దుకాణంలో కూర్చుంటే ఆయన బాధ తీరుతుంది. స్టెంట్ పడకముందు నుంచే ఆ మాట అంటున్నాడు. స్టెంట్ పడ్డాక దానికి ప్రేమ కూడా తోడైంది. "నీ ఆరోగ్యం కోసరమే కదే నేను చెప్పేది. ఫ్యాను కింద పని, కూర్చునే పని" అనేవాడు. నాకింకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. ఆ ఎనిమిదేళ్లూ పురుగుమందు వాసన పీలుస్తూ కూర్చోవడానికి నేను లెక్కలు చదువుకోలేదు.

వాచీ కూడా ఆయనే కొన్నాడు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణానికి నన్ను తీసుకుపోయాడు గానీ మాట్లాడనివ్వలేదు. ఆ దుకాణం యజమాని మాకు ఏమీ కాడు. అయినా గడప దాటగానే నన్ను అక్కను చేశాడు, మా ఆయన్ని బావను చేశాడు. ఒకసారి చుట్టమయ్యాక బేరమాడటం కష్టం.

"బావా, కళ్లు మూసుకోని ఇది తీసుకో. బీపీ చూపిస్తాది, షుగర్ చూపిస్తాది, గుండె అయితే సెకను సెకనుకీ చూపిస్తాది."

"రక్తం తీయకుండా షుగర్ ఎట్ల చూపిస్తాదయ్యా?" అన్నాను.

"లైటుతో అక్కా."

"లైటుతో షుగర్ తెలిసేటట్టయితే ఆస్పత్రిలో సూదులు ఎందుకు?"

"నువ్వు ఊరుకో. ఆయనకు తెలీదా ఏంది?" అని మా ఆయన డబ్బు తీసి ఇచ్చేశాడు. ఎనిమిది వందల వాచీ. ఇన్నేళ్లుగా పిల్లలకు నిరూపణ లేకుండా దేన్నీ ఒప్పుకోవద్దని చెప్పే మనిషిని, నోరు మూసుకుని బయటికి వచ్చాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చి స్నానానికి పోతూ ఆ వాచీని చుట్టి పెట్టిన తువ్వాలు మీద పడేశాను. కింద పచ్చ లైటు వెలుగుతోంది. వాచీ అద్దంలో అంకె డెబ్బై ఆరు. తువ్వాలుకు గుండె ఉందన్నమాట. వంటింట్లో సొరకాయ ఉంటే దానికి కట్టాను. ఎనభై ఒకటి. బీపీ కూడా చూశాను, సొరకాయకు నా కంటే నయంగా ఉంది. మర్నాడు సొరకాయను సంచిలో వేసుకుని దుకాణానికి పోయి కౌంటరు మీద పెట్టాను.

దుకాణం ఆయన సొరకాయ వంక చూశాడు, నా వంక చూశాడు. "సొరకాయలో నీళ్లుంటయి కదక్కా" అన్నాడు.

"నా తలకాయలో ఏముందనుకున్నావు?" అన్నాను.

బయట ఇద్దరు ముగ్గురు నిలబడి వింటున్నారు. అందుకే కాబోలు, అద్దాల బీరువా తీశాడు. అందులోవి ఒక్కొక్కటీ సొరకాయకు కట్టి చూశాను. మూడింటికి సొరకాయ బతికే ఉంది. నాలుగో వాచీ మాత్రం సొరకాయ మీద రెండు గీతలు చూపించి ఊరుకుంది. అంటే, గుండె లేని చోట గుండె లేదని ఒప్పుకుంది. దాని ధర మొదటిదానికి మూడింతలు. పైడబ్బు కట్టి అదే తెచ్చుకున్నాను. తెలివైన పని చేశాననుకున్నాను. కొనే వాచీని సొరకాయకు కట్టి చూశాను గానీ, నా చేతికి కట్టి, నడుస్తూ రెండో చేతి నాడి పట్టి లెక్కపెట్టి చూడలేదు. అరనిమిషం పని అది.

యాప్ దగ్గర రెండో తప్పు జరిగింది. నా ఫోను నిండా ప్రశ్నపత్రాలు, పిల్లల ఫొటోలు, జాగా లేదు. "నా దాంట్లో వేస్తాలే" అన్నాడు మా ఆయన. వేశాడు. ఆ రోజు నుంచి నా గుండె ఆయన చొక్కా జేబులోకి పోయింది.

పొద్దున్నే కాలేజీ మైదానంలో నడక. నేను చుట్టూ తిరుగుతుంటే ఆయన మెట్ల మీద కూర్చుని ఫోను చూస్తుండేవాడు. నేను ఆయనకు దగ్గరగా వచ్చినప్పుడల్లా వాచీలోని అంకెలు ఆయన ఫోన్లోకి పోయేవి. రెండో చుట్టు పూర్తయ్యేసరికి కేక వినపడేది.

"నూట ఇరవై ఆరు. కూర్చోయే."

మైదానంలో నడిచే వాళ్లంతా తిరిగి చూసేవారు. వాళ్లలో సగం మంది నన్ను టీచరమ్మగా ఎరిగినవాళ్లే. నేను సిమెంటు బల్ల మీద కూర్చునేదాన్ని. కాసేపటికి ఎనభైకి దిగేది. లేచి ఒక చుట్టు నడిస్తే మళ్లీ "నూట ఇరవై నాలుగు, కూర్చో." రిటైరైన వీఆర్‌వో ఒకాయన రోజూ నా ముందు ఆగేవాడు. "ఎందుకమ్మా ఈ తిప్పలు, ఇంటి పట్టున ఉండక? మీ ఆయన బంగారం అట్లాంటి మనిషి" అనేవాడు. ఆ బంగారాన్ని ఆయనకే ఇచ్చేయాలనిపించేది.

నేను కూడా నమ్మాను, అదీ అసలు అవమానం. ఒంట్లో ఏమీ లేదు, ఆయాసం లేదు, నొప్పి లేదు. కానీ మణికట్టు మీద నూట ఇరవై ఆరు కనిపించగానే ఆయాసం వచ్చేది. నడక మొదలుపెట్టాలంటే భయం పట్టుకుంది. బోర్డు ముందు ఇక నిలబడలేనేమోనని ఒకరోజు ఆ సిమెంటు బల్ల మీదే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన వచ్చి వీపు నిమిరాడు. నిమిరి, "రిటైర్‌మెంట్ అర్జీ నేనే రాసిపెట్టినా. నువ్వు సంతకం పెడితే చాలు" అన్నాడు. మూడు వారాలు అట్లా గడిచాయి. ఆరింట్లో మూడు పోయినట్టే.

నాలుగో వారం మొదట్లో ఒక పొద్దున ఆయన విత్తనాల లారీ వచ్చిందని మైదానానికి రాలేదు. కేకలు లేని నడక. లెక్కల వాళ్లకు ఊరికే ఉండటం చేతకాదు, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. నిమిషానికి నూట ఇరవై ఆరు అడుగులు. వాచీ చూశాను. నూట ఇరవై ఆరు. నడక నెమ్మది చేసి మళ్లీ లెక్కపెట్టాను. నూట ఎనిమిది అడుగులు, వాచీలో నూట తొమ్మిది. వేగం పెంచితే రెండూ కలిసి పెరిగాయి, తగ్గిస్తే కలిసి తగ్గాయి. ఏ మనిషి గుండె కాళ్లకు ఇంత విధేయంగా ఉంటుంది? అది నా గుండెను చూడటమే లేదు. నేను అడుగేస్తే చెయ్యి ఊగుతుంది, ఆ ఊపు లెక్కపెట్టి నాకు చెబుతోంది.

మా వీధిలోనే ఉండే ఏఎన్ఎం నర్సు కూడా ఆ మైదానంలోనే నడిచేది. ఆమెను ఆపి, నడుస్తూనే నా నాడి చూడమన్నాను. ఆమె నా కుడి చెయ్యి పట్టుకుని పక్కనే నడుస్తూ తన ఫోన్లో సెకన్లు చూసుకుంది.

"తొంభై రెండు తగులుతాంది మేడం. దీంట్లో ఎంతుంది?"

"నూట ఇరవై నాలుగు."

"ఇదేంది మరి? తీయండి చూద్దాం."

నాకు తీయడం ఇష్టం లేదు. ఇంటి గడప దాటాక ఆ చేతి నుంచి వాచీ తీసింది లేదు. మా పుట్టిల్లు వెలిగండ్ల వైపు. గొర్రెలు కాసే ఇల్లు. నాకు ఎనిమిదేళ్లప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆమె ఊళ్లోకి వస్తే మా అమ్మ నన్ను పట్టుకుపోయి కూర్చోబెట్టింది. గొర్రెల వెంట తిరిగే పిల్ల, ఏ రాయి కింద చెయ్యి పెడతదో, తేలు బొమ్మ ఉంటే తేలు ముట్టదు అని అమ్మ నమ్మకం. ఎడమ మణికట్టు పైన, సరిగ్గా గడియారం కూర్చునే చోట, లావుపాటి తేలు. పొట్ట నిండా నలుపు. మార్కాపురం కాలేజీలో చేరాక క్లాసులో ఆడపిల్లలే నన్ను తేలు అని పిలిచారు. సెలవుల్లో ఊరికి పోయి ఏడిస్తే మా నాయన ఒక మేకను అమ్మి వాచీ కొనిచ్చాడు. అప్పటి నుంచి వాచీలు మారాయి గానీ చోటు మారలేదు. ఆ తేలు అక్కడ ఉందని మా ఆయన కూడా మరిచిపోయి ఉంటాడు.

నర్సు వాచీ పక్కకు జరిపి తేలును చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఈ లైటు చర్మంలోకి పోయి రక్తాన్ని చూడాల మేడం. ఇంత నల్లటి రంగు అడ్డముంటే దానికి ఏం కనపడతాది? కూర్చుంటే ఎట్లనో పట్టుకుంటాది గానీ, నడిస్తే కనపడక ఊపును లెక్కపెడతాంది" అంది. కుడి చేతికి పెట్టించింది. గాజులు పైకి తోసి, పట్టీ బిగించి ఒక చుట్టు నడిచాం. తొంభై నాలుగు.

మూడు వారాలు. నలుగురిలో కేకలు, బల్ల మీద ఏడుపు, రాసిపెట్టిన అర్జీ. ఇదంతా నేను సిగ్గుపడి దాచుకున్న అరచదరపు అంగుళం వల్ల. కాలేజీలో నన్ను తేలు అన్నవాళ్లు ఎదురుగా ఉంటే ఆ రోజు కొట్టి ఉండేదాన్ని. వాళ్ల మాట విని ముప్పయ్యేళ్లకు పైగా దాచుకున్న నన్ను నేను ఏం చేయాలో తెలియలేదు.

వాచీ కుడి చేతికి మార్చుకుంటే సరిపోయేది. కానీ అది మా ఆయన ఫోనుకు కట్టిన వాచీ. నర్సే చెప్పింది, ఛాతీకి కట్టుకునే బెల్టు ఉంటుందని. అద్దం ఉండదు, లైటు ఉండదు, షుగర్ చెప్పదు. ఈసీజీ మాదిరి గుండెలో పుట్టే కరెంటునే పట్టుకుంటుంది. ధర ఆ మూడింతల వాచీలో సగం. అంత మంచిది అంత చవకగా ఎందుకుందంటే, దాన్ని పెట్టుకుని పెళ్లికి పోయి చూపించుకోవడం కుదరదు కాబట్టి. మర్నాటికల్లా తెప్పించుకున్నాను. నా ఫోన్లో ప్రశ్నపత్రాలు తీసేసి జాగా చేశాను. జాకెట్టు కింద, రొమ్ముల కింద బిగించి, వెనకుండే రబ్బరు పట్టీలు నీళ్లతో తడపాలి. మార్కాపురం ఎండలో అయిదు నిమిషాలు నడిస్తే ఆ పనీ ఉండదు. మొదటి మూడు రోజులు కూర్చుని ఒకసారి, నడిచి ఒకసారి, మెట్లెక్కి ఒకసారి మెడ దగ్గర వేళ్లు పెట్టి లెక్కపెట్టాను. ఒకటి రెండు కొట్టుళ్లకు మించి తేడా లేదు. అప్పుడు నమ్మాను.

మా ఆయనకు దాచలేదు. తేలును చూపించి చెప్పాను.

"ఇన్నేళ్ల నుంచి లేని తేలు ఇప్పుడు అడ్డమొచ్చిందా?" అన్నాడు.

"నువ్వే లెక్కపెట్టి చూడు" అని చెయ్యి చాపాను. పట్టుకోలేదు. నడకను సాయంత్రానికి మార్చుకున్నాను. అది దుకాణంలో గిరాకీ వేళ, ఆయన మెట్ల మీదికి రాలేడు. మూడు వారాలు ఒంటరిగా నడిచాను. తొంభై ఆరు, తొంభై ఎనిమిది, ఎదురుగాలిలో నడిచిన రోజు నూట మూడు. అంతే.

ఒంగోలు పోవడానికి రెండు రోజుల ముందు నడిచి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాను. బెల్టు ఇంకా తీయలేదు. ఆ రోజు ఆయన త్వరగా వచ్చాడు. ఫోను చూపించి, "ఇదిగో చూడు, మూడు వారాల్లో ఒక్కరోజు కూడా నూటపది దాటలేదు" అన్నాను. ఆయన చూశాడు. చాలాసేపు వేలితో కిందికి జరుపుకుంటూ చూశాడు. ఏదో ఒక మంచిమాట అంటాడని ఎదురుచూశాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

"బాగనే ఉంది. అయితే ఏంది?" అన్నాడు. "అర్జీ రాసిపెట్టినా కదా. దుకాణంలో అందరికీ చెప్పినా నువ్వు వస్తావని."

"నా గుండె బాగుందయ్యా."

"బాగుంటే మంచిదే. బాగున్న మనిషివి దుకాణంలో కూర్చోలేవా?"

అప్పుడు తెలిసింది. అంకె నూట ఇరవై ఆరైనా, తొంభై ఆరైనా ఆయనకు వచ్చే జవాబు ఒక్కటే. జవాబు ముందే రాసుకుని లెక్క చేసే పిల్లలను నేను ఎందరిని చూశాను. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, నా జీతం గురించి, బస్సుల గురించి, పుల్లలచెరువు బడిలో నేను లేకపోతే ఎవరికి నష్టమని. నేను కూర్చున్నచోటు నుంచి కదలలేదు. నా చేతిలోని ఫోన్లో అంకె ఎనభై నుంచి తొంభై అయిదుకు పోయింది, అక్కడి నుంచి నూటపదికి, నూట పద్దెనిమిదికి.

ఆయన అది చూశాడు. చూసి, ఊపిరి పీల్చుకున్నాడు.

"చూసినావా? మంచం మీద కూర్చుంటేనే నూట పద్దెనిమిది. నువ్వు బడికి పోతావా?"

ఒంగోలుకు ఆయన కూడా వచ్చాడు, నేను వద్దన్నా. డాక్టరు ముందు నాకంటే ముందు నోరు తెరిచాడు. "సార్, నడిచేటప్పుడు బాగనే ఉంటాంది గానీ, ఇంట్లో ఊరికే కూర్చుంటే నూట పద్దెనిమిది పోతాంది. నేను కళ్లారా చూసినా."

డాక్టరు నా ఫోను తీసుకున్నాడు. మొదటి మూడు వారాల సంగతి, తేలు సంగతి చెప్పాను. నా చెయ్యి తిప్పి చూసి తల ఊపాడు. తర్వాత ఒక్కో రోజు గీతా చూసుకుంటూ వచ్చి ఆ సాయంత్రం దగ్గర ఆగాడు. మిగతావన్నీ మెల్లగా లేచి మెల్లగా దిగిన గీతలు. ఆ ఒక్కటి నిటారుగా లేచింది.

"ఇక్కడ ఏం చేస్తున్నారమ్మా? మెట్లెక్కారా?"

"లేదు సార్. మంచం మీద కూర్చున్నాను."

"నొప్పి? ఆయాసం?"

"ఏమీ లేవు. ఈయన మాట్లాడుతున్నాడు."

డాక్టరు మా ఆయన వైపు చూడలేదు. గీత లేచి దిగినంత మేరా చూసి, "పదకొండు నిమిషాలు" అన్నాడు. మా ఆయన గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు. బయట కూర్చోమని డాక్టరు ఆయనకు మర్యాదగానే చెప్పాడు. తలుపు మూసుకున్నాక నన్ను అడిగాడు.

"ఇట్లాంటివి ఎన్నిసార్లు అవుతాయమ్మా?"

"బెల్టు కొని మూడు వారాలే కదా సార్, దీంట్లో ఒక్కటే ఉంది" అన్నాను. "అంతకుముందు ఇరవై నాలుగేళ్ల కాపురంలోవి ఎక్కడా పడలేదు."

డాక్టరు నా ఫోను నాకు తిరిగి ఇచ్చి, సర్టిఫికెట్ల పుస్తకం ముందుకు లాక్కున్నాడు.